గుర్తు లేని షాఫ్టులు

మా అక్కను బావకిచ్చి చేసినప్పుడు లేని కుళ్లు, ఆటోనగర్‌లో నా షెడ్డు పక్కనే ఆయన షెడ్డు వేసుకున్నాక మొదలైంది. తొంభైల చివరి మాట. నాది లేత్ పని. ఇనుప కడ్డీని గంటల తరబడి చెక్కి, వెంట్రుకవాసి తేడా లేకుండా పంపు షాఫ్టు తీసేవాణ్ణి. బావకు లేత్ పట్టుకోవడమే రాదు. పంపు బాడీ కోయంబత్తూరు నుంచి, మోటారు ఇంకెక్కడి నుంచో, షాఫ్టు నా దగ్గర్నుంచి తెచ్చుకుని, బోల్టులు బిగించి, పైన తన పేరున్న ఇత్తడి రేకు కొట్టేవాడు. షెడ్డు మీద మాత్రం 'పంపుల తయారీదారులు' అని పెద్ద బోర్డు! అది చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోయేది. నన్నేమో అందరూ 'లేత్ ఆయన' అనేవారు.

ఒక పెద్ద ఫ్యాక్టరీవాళ్లు బావను తాము పంపులు కొనే తయారీదారుల జాబితాలో చేర్చుకోవచ్చో లేదో చూసి రమ్మని ఇంజనీరును పంపారు. ఉత్తినే బిగించేవాళ్లను అందులో చేర్చరని నాకు తెలుసు. ఇదే అదను అనుకున్నాను. టీ ఇచ్చే నెపంతో వెళ్లి, బావ ఎదుటే అనేశాను.

"ఈయన సేసిందేటీ నేదు సార్. అన్నీ కొని బిగిత్తాడు. ఆ షాఫ్టులు నావి."

ఇంజనీరు విప్పి ఉన్న పంపులోంచి షాఫ్టు తీసి తిప్పి చూశారు. "పని బాగుంది. మీ గుర్తు ఎక్కడ?"

లేదు. మా లేత్‌వాళ్లలో చాలామందిమి చేసిన పని మీద గుర్తు కొట్టేవాళ్లం కాదు. రేపు విరిగితే మాది కాదనొచ్చు. అదో తెలివి అనుకునేవాళ్లం.

బావ తన పుస్తకం తెరిచాడు. పంపు కొలతలతో తాను గీసుకున్న బొమ్మలు, ఏ పంపును ఏ రోజు నీళ్ల డ్రమ్ములో పెట్టి నడిపి చూశాడో, అమ్మాక చెడిపోతే ఎప్పుడు వెళ్లి బాగుచేసొచ్చాడో, అన్నీ ఉన్నాయి. అలా చెడిపోయినవాటిలో రెండుసార్లు విరిగింది నా షాఫ్టే. ఆ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు.

"కొలతలు ఈయనవి. పాడైతే పూచీ ఈయనది. మా దృష్టిలో తయారీదారు ఈయనే," అన్నారు ఇంజనీరు.

సాయంత్రం బావ నా షెడ్డుకొచ్చాడు. తిట్టినా బాగుండేది. ఇనుము మీద అక్షరాలు కొట్టే పంచ్‌ల పెట్టె ఒకటి బల్ల మీద పెట్టాడు.

"రేపట్నించి షాఫ్టు మీద నీ పేరు కొట్టు బావా. ఇరిగితే బాగుసెయ్యడానికి ఇద్దరం ఎల్దాం."

ఇన్నేళ్లూ నేను ఏడ్చింది ఆ పేరు కోసమే. ఆయన వెళ్లాక మొదటి అక్షరం షాఫ్టు మీద ఆనించి సుత్తి ఎత్తాను. విరిగితే? ఎంతసేపటికీ చెయ్యి దిగలేదు. పంచ్ తీసి పెట్టెలో పడేశాను.

మర్నాడు షాఫ్టులు ఎప్పటిలాగే నున్నగా వెళ్లాయి. బావ ఒక్కొక్కటీ తిప్పి చూసి లోపల పెట్టించుకున్నాడు. కాసేపటికి గోడ అవతల పంపుల మీద బావ పేరున్న రేకులు కొడుతున్న చప్పుడు మొదలైంది. ఆ సుత్తి దెబ్బలు విని కుళ్లుకున్నంతగా ఆ బోర్డు చూసి ఏనాడూ కుళ్లుకోలేదు.