ఆవిడ ఎత్తు

క్యాలెండర్లు అచ్చువేసే ప్రెస్సులో ఆయన్ని అసలు పేరుతో పిలిచినవాడు లేడు. గులకరాళ్ళాయన. ఆయన తీసిన ఏ ఫోటో చూసినా కాళ్ళ ముందు గులకరాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. అక్కణ్ణుంచి చూపు చెరువు దాటి అవతలి కొండ మీదికి పోతే, అక్కడి చెట్ల కొమ్మలూ విడివిడిగా కనిపిస్తాయి. మసక ఆయన ఒంటికి పడదు. పెళ్ళి ఫోటోల్లో వెనకాల దీపాలు బుడగల్లా కరిగిపోయి కనిపిస్తే ఒకే మాట అనేవాడు: "బద్ధకం."

ఆ పదునంతా టిల్ట్ లెన్స్ చలవ. మామూలు లెన్సులో ఫోకస్ గోడలా నిలబడి ఉంటుంది. ఈ లెన్స్ మెడ కాస్త వంచితే ఆ గోడ ఒరిగిపోయి నేలమీద దుప్పటిలా పరుచుకుంటుంది. దగ్గరి రాయి నుంచి దూరపు కొండ దాకా అన్నీ దుప్పటి మీదే ఉంటాయి కనుక అన్నీ పదునే. చెప్పడానికి ఇంతే. చెయ్యబోతే సగం పొద్దు గడిచేది. మెడ వెంట్రుకవాసి వంచాలి, తెరమీద రాయిని పెద్దది చేసి చూడాలి, తర్వాత కొండని చూడాలి. రాయి కుదిరితే కొండ చెడేది. మళ్ళీ మొదటికి.

ఈలోగా కెమెరా స్టాండు గాలికి వణక్కుండా గొడుగు అడ్డం పట్టుకుని నిలబడేది ఆయన భార్య. కుట్టుమిషను మీద సగం కుట్టిన జాకెట్లు వదిలేసి వచ్చేది.

"ఏమండీ, కొండ ఎక్కడికీ పోదు గానీ, నా చెయ్యి పోయేట్టుంది."

"మాట్లాడకు. స్టాండు కదుల్తుంది."

"నా మాటకి స్టాండు కూడా కదుల్తుంది. మీరే కదలరు."

ఎప్పుడైనా నన్నొకటి తియ్యరాదూ అనేది. మనిషి అడ్డమొస్తే బట్టలు గాలికి ఊగి పదును పోతుందనేవాడు. ఆవిడ రెట్టించేది కాదు.

ఒకసారి ప్రెస్సు ఓనరే అడిగాడు. "గురువుగారూ, మీ కొండ ఎంత పెద్దదో తెలిసి చావట్లేదు. కొలతకి ఒక మనిషిని నిలబెట్టండి."

కొలతకి ఆవిణ్ణి నిలబెట్టాడు. ఆవిడ ముఖం తుడుచుకుని, జుట్టు సర్దుకుని, మడిచిన గొడుగు చేత్తో పట్టుకుని రాళ్ళమీద నిలబడింది.

"నవ్వనా?"

"నీ ఇష్టం. కదలకు."

క్యాలెండర్ వచ్చింది. ప్రెస్సులో బల్లమీద పరిచి చూసింది ఆవిడ. చెప్పులు స్పష్టంగా ఉన్నాయి, తెగిన పట్టీకి పెట్టుకున్న పిన్నీసుతో సహా. మోకాళ్ళ దగ్గర్నుంచి మనిషి మెత్తబడుతూ పోయింది. ముఖం ఉండాల్సిన చోట గోధుమరంగు మరక ఉంది.

"పిన్నీసు భలే వచ్చిందండీ. మొహమేదీ?"

ఆయన హుషారుగా వివరించాడు. "ఈ ఫోకస్ తలుపు కింద దూర్చే చెక్కముక్కలాంటిదే. మన దగ్గర పలచన, దూరం పోయేకొద్దీ మందం. అందుకే కొండ నిలువునా పట్టేస్తుంది. దగ్గర నిలబడ్డ మనిషికి పాదాలే పడతాయి."

"అయితే పడుకోవాల్సింది," అంది ఆవిడ. ప్రెస్సంతా నవ్వింది. ఆయనా నవ్వాడు.

మీట నొక్కకముందే ఆ మరకని ఆయన తెరమీద చూశాడు. ముఖం కావాలంటే మెడ నిటారు చెయ్యాలి, గులకరాళ్ళు వదులుకోవాలి. వదులుకోలేదు. అంతే.

తర్వాత ఆవిడకి జబ్బు చేసింది. ఆస్పత్రిలో కిటికీ పక్క మంచం ఇచ్చారు. ఒక మధ్యాహ్నం తనే గుర్తు చేసింది.

"ఏమండీ, ఇప్పుడు పడుకునే ఉన్నాగా. తియ్యండి."

ఆయన ట్యూబులైటు వంక చూశాడు, సెలైను సీసా వంక చూశాడు. "ఇక్కడ వెలుతురు బాలేదు. ఇంటికెళ్ళాక మంచిగా తీస్తా."

"సరే," అని అటు తిరిగి పడుకుంది.

ఇంటికైతే వచ్చింది. అప్పుడు తియ్యడానికి ఆయనకి చేతులు రాలేదు.

దినకర్మలన్నీ అయ్యాక కూతురు గోడమీద మేకు కొట్టి తండ్రి ముందుకొచ్చింది. "అమ్మ ఫోటో కావాలి నాన్నా. ఆధార్ కార్డు మీదున్నది వద్దు. ఎవరెవరి పెళ్ళిళ్ళలోనో మూలన నిలబడ్డవీ వద్దు. నువ్వు తీసింది ఇవ్వు."

"ఉంటుందమ్మా. చూస్తా."

వెతికాడు. చెరువులు, కొండలు, రాళ్ళు. ఒక్కో రాయీ నిన్న కడిగిపెట్టినట్టుంది. మనిషున్నది పిన్నీసు ఫోటో ఒక్కటే. తల దగ్గర పెద్దది చేశాడు. చేసేకొద్దీ మరకే పెద్దదయింది.

వెనక నిలబడ్డ కూతురు అడిగింది. "నవ్వుతోందా?"

"నవ్వనా అని అడిగింది."

"నవ్విందా మరి?"

ఆయనకి తెలియదు. ఆ నిమిషంలో ఆయన గులకరాళ్ళు చూస్తున్నాడు.

మర్నాడు కెమెరా, లెన్సూ, గొడుగూ, ఇంకో స్టాండూ పట్టుకుని చెరువుకి వెళ్ళాడు. ఆవిడ నిలబడ్డ చోటు దొరకడం కష్టం కాలేదు. ఫోటోలో ప్రతి రాయీ అంత స్పష్టంగా ఉంది మరి. ఆవిడ ఆయన భుజం దాకా వచ్చేది. రెండో స్టాండుని అక్కడ పెట్టి ఆ ఎత్తుకి లేపి, పైన గొడుగు తగిలించాడు. లెన్స్ మెడ నిటారు చేశాడు. గొడుగు పిడిమీద ఆవిడ చేతి రాపిడికి అరిగిన గీతలు కనిపించేదాకా ఫోకస్ తిప్పాడు. తర్వాత లేచి వెళ్ళి, స్టాండునీ గొడుగునీ తీసి పక్కన పెట్టొచ్చాడు. గాలి వీస్తోంది. అడ్డం పట్టేవాళ్ళు లేరు. మీట నొక్కాడు.

కాగితం మీద రాళ్ళు ముద్దలా వచ్చాయి. చెరువు పొగలా వచ్చింది. కొండ జాడే లేదు.

"ఇందులో ఏమీ లేదు కదా నాన్నా," అంది కూతురు.

"ఫోకస్ ఇక్కడ పెట్టా." ఖాళీ మీద వేలు ఆనించాడు.

కూతురు ఆ వేలి కిందే చాలాసేపు చూసింది. "ఆరోజే ఇలా పెట్టుంటే అయిపోయేదిగా."

"అయిపోయేది."

ఆమె కాగితాన్ని జాగ్రత్తగా చుట్టి, కుట్టుమిషను సొరుగులో దారపు ఉండల పక్కన పెట్టింది.

గోడకి చివరికి కార్డుమీది ఫోటోనే పెద్దది చేయించి తగిలించారు. అందులో ఆవిడ నవ్వడం లేదు.