పదమూడు వందల డెబ్బై మూడు

జపానులో నాగసాకికి దూరంగా సముద్రంలో ఉన్న ఆ దీవి పురపాలక కార్యాలయంలో నెట్‌వర్క్ పని చూసేది కుజె మిత్సుయో ఒక్కతే. ఒసాకాలో పద్దెనిమిదేళ్ళు అదే పని చేసి, భర్త సొంతూరని ఇక్కడికి వచ్చింది. ఫెర్రీ ఇంజిన్లు బాగుచేసే ఆ మనిషి పోయి మూడేళ్ళయింది. ఒసాకాలోనూ ఎదురుచూసేవాళ్ళు లేరు కనుక ఇక్కడే ఉండిపోయింది. మధ్యాహ్నం తన బల్ల దగ్గరే అన్నం ముద్దలు తినేది. ఆమె ఏం చేస్తుందో పక్క గదిలోవాళ్ళకూ సరిగ్గా తెలియదు. ప్రింటరు మొరాయించినప్పుడే ఆమె గుర్తొచ్చేది.

ఆ అక్టోబరులో దీవి వైద్యశాల నుంచి నాగసాకిలోని పెద్దాసుపత్రికి స్కానింగు చిత్రాలు వెళ్ళడం ఆగిపోయింది. రోగి పేరు, వయసు లాంటివి వెళ్తున్నాయి. చిత్రం మాత్రం మొదలై, అక్కడే నిలిచిపోతోంది. నోదా అనే ముసలి జాలరి భార్యకు గుండె నొప్పి వస్తే, చిత్రం చూసి చెప్పే దిక్కులేక, అలల్లో మూడు గంటలు పడవలో తీసుకెళ్ళారు. ఆమె బతికింది.

"ఏమ్మా, నీ తీగలకేం రోగమొచ్చింది? మా ఆవిడ దారి పొడుగునా వాంతులు చేసుకుంది తెలుసా?" అని నోదా రేవులో అందరి ముందూ అడిగాడు. మిత్సుయో తల వంచుకుంది.

నాగసాకిలో ఆ లైను చూసే కాంట్రాక్టరు మనిషి సకుమాకు ఫోన్ చేసింది.

"లైను బానే ఉందండీ. పింగ్ కొడితే ఠక్కున బదులొస్తోంది. మీ వైపే చూసుకోండి."

తన వైపు అంతా చూసుకుంది. ఏ లోపమూ లేదు. అప్పుడు పింగ్ సైజు, అంటే అవతలివైపు పలుకుతోందో లేదో చూసే ఆ చిన్న పలకరింపు సైజు, కొద్దికొద్దిగా పెంచుతూ పంపడం మొదలుపెట్టింది. నెట్‌లో ఏదైనా చిన్న చిన్న ముక్కలై, ప్యాకెట్లుగానే పోతుంది. ప్రతి ప్యాకెట్ ముందూ హెడర్ ఉంటుంది. ఎవరు పంపారు, ఎవరికి, ఎంత పొడుగు అన్నవి అందులో ఉంటాయి. చిత్రాలు మోసే ప్యాకెట్ల హెడర్లలో 'దారిలో ముక్కలు చేయొద్దు' అన్న గుర్తు కూడా ఉంది. అలాంటిది ఏ రూటరుకైనా పట్టకపోతే, అది ప్యాకెట్‌ను పారేసి 'పెద్దదైంది, తగ్గించి పంపు' అని వెనక్కి కబురు పెట్టాలి. ఆ కబురు అందకపోతే పంపేవైపు అదే సైజులో మళ్ళీ మళ్ళీ పంపుతూనే ఉంటుంది.

మిత్సుయో కూడా అదే గుర్తు పెట్టి పంపింది. పదమూడు వందల డెబ్బై రెండు బైట్లకు బదులొచ్చింది. డెబ్బై మూడుకు బదులూ లేదు, పెద్దదైందన్న కబురూ లేదు. పదిసార్లు పంపింది. పదిసార్లూ అంతే.

మళ్ళీ సకుమాకు ఫోన్ చేసింది.

"పదమూడు వందల డెబ్బై రెండు బైట్ల దాకా పోతోంది. ఒక్క బైటు ఎక్కువేసి మీరూ పంపి చూడండి, సకుమా గారూ. ముక్కలు చేయొద్దని గుర్తు పెట్టి."

"మరీ అంత లెక్కగానా?" అని నవ్వాడు. కీబోర్డు చప్పుడు వినిపించింది. కాసేపటికి, "అరె!" అన్నాడు.

"వెనక్కొచ్చే కబుర్లను మీ ఫైర్‌వాల్ ఆపేస్తోందేమో చూడండి."

"అవునండీ... పోయిన నెల భద్రత కోసమని ఆ రకం కబుర్లన్నీ మేమే మూసేశాం. తప్పు మాదే."

అతను ఆ నియమం తీసేశాడు. పావుగంటలో చిత్రాలు కదిలాయి.

"ఇదెలా పట్టుకున్నారండీ? నాకు కాస్త చెప్పరూ?" అని అడిగాడు సకుమా. ఆమె చెప్పింది. ఒసాకాలో ఇలాంటిదే పట్టుకోవడానికి వారం తిరిగిన సంగతీ చెప్పింది. అతను మధ్యలో ప్రశ్నలు వేశాడు, నవ్వాడు. నలభై నిమిషాలు గడిచాయి. భర్త పోయాక అంతసేపు ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు.

"ఉంటానండి మరి," అన్నాడతను. లైను తెగాక కూడా ఆమె రిసీవరు పెట్టేయలేదు.

మర్నాడు వైద్యశాలలో డాక్టరు, "రీస్టార్ట్ చేశారటగా, థాంక్సండీ," అన్నాడు. ఆమె కాదనలేదు.

సకుమాకు మళ్ళీ ఫోన్ చేయడానికి పనేమీ పడలేదు. లైను బాగానే నడిచింది. డిసెంబరులో ఒకరోజు, పరికరాల జాబితా సరిచూసుకోవాలన్న సాకుతో చేసింది. వేరే గొంతు పలికింది.

"సకుమానా? ఫుకుఓకాకి మారిపోయాడండీ. విషయం నాకు చెప్పండి, నేను చూస్తాను."

"అబ్బే, పెద్ద పనేం కాదు," అంది మిత్సుయో. అయినా జాబితా చదివి వినిపించింది. అవతలి మనిషి ఒక్కో పేరుకూ "సరే, సరే" అన్నాడు.