బాణం మాస్టారి ఎర్రచుక్క

బాణం మాస్టారికి కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. ఆ పన్నెండంతస్తుల ఆఫీసు భవనంలో మాత్రం దానితో ఎవరికీ పని పడలేదు. ఎక్కడెక్కడ ఎంత కరెంటు ఖర్చవుతోందో చూపించే మీటర్లు నిజమే చెబుతున్నాయా అని కనిపెట్టి ఉండటం ఆయన ఉద్యోగం. కరెంటు తీగ చుట్టూ కడియంలాంటి సెన్సరు తొడుగుతారు. దాని మీద చిన్న బాణం గుర్తు ఉంటుంది. అది కరెంటు పోయే వైపుకే చూడాలి. మూడు తీగలకు మూడు కడియాలు. వాటిలో ఒక్కటి తిరగబడిందా, తన వంతు లెక్కలో కలపాల్సింది పోయి తీసేస్తుంది, మీటరు మూడో వంతే చూపిస్తుంది. అందుకే ఎదురుపడ్డ ప్రతి మనిషినీ ఆయన "బాణం చూశావా?" అనే పలకరించేవాడు. భోజనం చేశావా అని అడిగిన పాపాన పోలేదు.

బాణం సరిగ్గా ఉందనుకున్నాక కడియానికీ తీగకూ కలిపి ఒక ఎర్రచుక్క పెట్టేవాడు. ఎవరైనా కదిపితే చుక్క రెండు ముక్కలవుతుంది. అది భార్య గోళ్లరంగు. కంపెనీ ఇచ్చే రంగు ఏడాదికే రాలిపోతుందనీ, ఇదైతే గోరు ఊడినా ఊడదనీ ఆయన వాదన. "నా గోళ్లకంటే మీ తీగలకే సోకెక్కువ" అని ఆవిడ దెప్పుతూనే ఆ రంగు సీసాలే ఏరి కొని ఉంచేది. భవనమంతా కలిపి నూట నలభై మీటరు పెట్టెలు, పెట్టెకు మూడేసి చుక్కలు. ఏటా వచ్చే తనిఖీవాళ్లు చుక్క చెదరలేదంటే చాలు, పెట్టె మూసేసి ముందుకు నడిచేవారు. ఆ నమ్మకం తప్ప ఆయన సంపాదించుకున్నది ఇంకేమీ లేదు.

ఈ ఏడు భవనం బాధ్యత ఆయన బావమరిదికి వచ్చింది. మాస్టారు దగ్గరుండి పని నేర్పినవాడే. వచ్చీ రాగానే కరెంటు వాడకం తగ్గించి చూపిస్తానని పైవాళ్లకు మాటిచ్చాడు. రెండు నెలలు తిరక్కుండానే కింది హాల్లో వాడకం చూపించే తెర మీద అంకెలు పడిపోయాయి. అందరికంటే ముందు మురిసిపోయింది మాస్టారే, వెర్రిబాగులవాడు! "మా బావమరిది" అని కనిపించినవాడికల్లా చెప్పుకున్నాడు.

తనిఖీకి ముందురోజు ఉదయం లెక్క సరిచూడటానికి కూర్చున్నాడు. భవనానికి మొత్తంగా కరెంటు కొలిచే మీటరును ఆయన తల్లి అంటాడు. మిగతావి పిల్లలు. పిల్లలందరూ తిన్నది కలిపితే తల్లి తెచ్చినంత కావాలి. తెర మీద వేసేది పిల్లల మాటే. ఈసారి తల్లి ఎప్పటిలాగే తెచ్చింది, పిల్లలు మాత్రం ఎంతో తక్కువ తిన్నామంటున్నారు.

ఏసీ యంత్రాల గదికి వెళ్లాడు. కాళ్ల కింద నేల అదిరేలా యంత్రాలు తిరుగుతున్నాయి. మీటరు మూడో వంతు చూపిస్తోంది. పెట్టె తెరిస్తే మధ్య కడియం మీద బాణం వెనక్కి చూస్తోంది. ఎర్రచుక్క మాత్రం చెక్కుచెదరలేదు.

ముసలితనం వచ్చి తనే తప్పు చేశాడేమోనని అనుమానపడ్డాడు. టార్చి దగ్గరగా పెట్టి చూశాడు. పాత చుక్కను గీకేసిన మరక పక్కనే కనిపించింది. రంగు మాత్రం అదే, ఇంట్లో రంగు.

తిన్నగా బావమరిది గదికి వెళ్లి నిలబడ్డాడు. "బాణం చూశావా?"

వాడి ముఖం పాలిపోయింది. "ఈ ఒక్క ఏడాదే బావా. వచ్చే ఏడు నిజంగానే తగ్గిస్తాను. మీ చుక్క ఉంటే ఎవరూ చూడరు కదా అని..."

"నా చుక్క ఉంటే ఎవరూ చూడరనే కదరా, ఇన్నేళ్లూ నేను చూసింది! రంగెక్కడిది?"

"అక్క ఇచ్చింది."

మధ్యాహ్నం ఇంటికి వెళితే భార్య దాచలేదు. "ఉద్యోగం పోతుందని వాడు ఏడ్చాడండీ. మీకు చెబితే ఒప్పుకోరు. ఒక్క చుక్కే కదా అనుకున్నా."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మాస్టారు పట్టుకున్నాడు, ఇద్దరినీ. శిష్యుడు గురువుకు పంగనామాలు పెట్టడం లోకంలో కొత్తేమీ కాదు, దాన్ని ఎలాగో దిగమింగేవాడు. ముప్పై ఏళ్లు భార్య నవ్వుతూ చేతికందించిన సీసానే తన వెనక ఇంకొకరికి అందించిందే, అది మాత్రం గొంతు దిగలేదు. చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు తనిఖీవాళ్లకు కాగితం రాసిచ్చాడు. "ఈ భవనంలో ఎర్రచుక్క దేన్నీ నమ్మకండి." తన చేత్తోనే తన పరువు తీసుకున్నాడు. బావమరిదిని ఆ కుర్చీలోంచి దింపారు. మాస్టారు నూట నలభై పెట్టెలూ మళ్లీ తెరిచి, ఒక్కొక్క బాణమూ చూసి, ఎర్రచుక్కలన్నీ గీకి వేరే రంగు పెట్టాడు. మూడు వారాలు పట్టింది.

పని అయిపోయిన రోజు ఇంటికి వచ్చేసరికి భార్య గుమ్మంలో నిలబడి ఉంది. అన్నాళ్లూ ఇద్దరి మధ్యా మాటల్లేవు. పాపం, ఆవిడే మెల్లగా మొదలుపెట్టింది.

"ఈసారి ఏ రంగు పెట్టారండీ?"

ఆయన తన వేళ్ల వంక చూసుకున్నాడు. మరక లేకుండా ఆఫీసులోనే రుద్ది రుద్ది కడుక్కుని వచ్చాడు.

"భోజనం పెట్టు," అన్నాడు.