పేర్లు పడేటప్పుడు ఎస్తేరక్క

థియేటర్లో దీపాలు ఆరి, తెర మీద ఇంకా ఏ బొమ్మా రాకముందే, కుర్చీ కింది నుంచి బరువైన డప్పుమోత లాంటిది వస్తుంది. సూపర్ హీరో సినిమాల్లో అది మామూలే. మొన్న హన్మకొండలో ఆ మోత వినగానే తెర మీంచి చూపు తిప్పుకున్నాను. పక్కన చెల్లెలు పాప్‌కార్న్ తింటోంది. నాకు ఎస్తేరక్క గుర్తొచ్చింది.

సుబేదారిలో ఆమెకు చిన్న వీడియో ఎడిటింగ్ షాపు ఉండేది. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, చర్చి కూడికలు. ఎవరితోనూ మాట్లాడకుండా పని చేసుకోవచ్చని డిగ్రీ కాగానే అక్కడ చేరాను. నన్ను మాట్లాడించడానికి అక్క ఒక ఆట కనిపెట్టింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఏదో ఒక సూపర్ హీరో సినిమా పెట్టి, పేర్లు పడటం అయిపోగానే ఆపేసేది.

"చెప్పు పిల్లా, వీడు నవ్విస్తడా, ఏడిపిస్తడా?"

"నాకేమెర్క అక్కా, ఇంక కథే సురువు గాలే."

"సురువైంది. నువ్వే సూస్తలేవు. నోరు లేకపాయె, కండ్లన్న ఉన్నయా?"

మెల్లగా చూడటం నేర్చుకున్నాను. రంగుల బొమ్మల పుస్తకంలా పేజీలు టపటపా తిరుగుతూ పేర్లు వస్తే అది అల్లరి సినిమా, ఎవరికీ పెద్ద దెబ్బ తగలదు. వానలో తడిసిన ఇనుములాంటి అక్షరాలు నెమ్మదిగా కదిలితే, ఆ వీరుడు అప్పటికే ఎవరినో పోగొట్టుకున్నాడు. చీకట్లోంచి మన మీదికి దూసుకొస్తే, పడినవాడు తప్పకుండా లేస్తాడు. ఆ కాసేపట్లోనే సినిమా మనకు మాట ఇచ్చేస్తుంది.

ఒకరోజు హసన్‌పర్తి నుంచి భార్యాభర్తలు వచ్చారు. జ్వరంతో చనిపోయిన కొడుకు కోసం ఏడాది జ్ఞాపకార్థ కూడికలో చూపించడానికి వీడియో కావాలన్నారు. "మావోనికి గా ఎగిరే హీరోలంటే పానం. సినిమా లెక్కనే మొదలువెట్టుండ్రి," అన్నాడు తండ్రి. తల్లి గోడవైపు చూస్తూ, "బడినుంచి అచ్చినంక టీవీ ముంగట్నే కూసుంటడు," అంది. కొడుకు ఇంకా ఇంట్లోనే ఉన్నట్టు మాట్లాడుతోంది.

నేను మనసు పెట్టి చేశాను. డప్పులు, మెరుపులు, చీకట్లోంచి ఎగిరొస్తూ ఆ పిల్లవాడి పేరు. అక్క దాన్ని రెండుసార్లు చూసింది.

"మస్తుగుంది. గని గిట్ల సురువు జేస్తే, పిలగాడు లేస్తడని ఆ తల్లి ఆఖరిదాంక సూస్తది."

మోత తీసేసింది. వాడికి ఇష్టమైన రంగులు ఉంచింది. పేరును మాత్రం వెనక్కి తిప్పింది. మన దగ్గర మొదలై, చిన్నదవుతూ చీకట్లో కలిసిపోయేలా.

వాళ్లు వీడియో చూడటానికి వచ్చిన రోజు, ఆ పేరు చుక్కంత అయ్యేసరికి తల్లి లేచి తెర మీద చెయ్యి పెట్టింది. "పోతాండు," అంది. తెర నల్లబడ్డాక, "పోయిండు," అంది. ఒక్కసారిగా కూలబడి ఏడ్చింది. "ఏడాదాయె, ఇప్పటిదాంక కంట్ల నీళ్లు వెట్టలే," అన్నాడు భర్త. నేను వీడియో ఆపబోతే అక్క వద్దని చెయ్యి ఊపి, ఆమె పక్కనే నేల మీద కూర్చుంది.

వాళ్లు వెళ్లాక ధైర్యం చేసి అడిగాను. "మనం మంచే చేసినమా అక్కా?"

"నాగ్గూడ తెల్వది బిడ్డా," అంది.

పోయిన ఎండాకాలం ఎస్తేరక్క కిడ్నీల జబ్బుతో చనిపోయింది. ఏడాది కూడికకు వీడియో నన్నే చేయమన్నాడు ఆమె తమ్ముడు. ఫొటోలు పేర్చాను, పాటలు కలిపాను. మొదట్లో నల్లటి తెర మధ్య ఆమె పేరు తెల్లగా నిలబడి ఉంది. దాన్ని ఎటు పంపాలో నాకు తెలుసు. చెయ్యి రావడం లేదు. నిన్న మళ్లీ ఆయన ఫోన్ చేశాడు.

"అయిపాయెనా చెల్లే?"

"ఇంక పేరే పడలేదన్నా," అన్నాను.