మూడో బ్యాచి నుంచి మొదటి బ్యాచికి

లీలావతి కువైట్‌లో ఏడేళ్లు ఒకే ఇంట్లో వంట చేసింది. అవనిగడ్డ దగ్గర పల్లెలో ఐదో తరగతితో చదువు ఆపేసిన మనిషి, అక్కడికెళ్లిన రెండో ఏడాదికే అరబ్బీలో బేరాలాడేది, పిల్లల్ని కోప్పడేది, ముసలి యజమానురాలిని నవ్వించేది. చదవడం మాత్రం ఒక్క అక్షరం రాదు. ఒకరోజు ఆ ముసలావిడకి దగ్గుమందనుకుని వేరే సీసాలోది పట్టేసింది. అదృష్టం బాగుండి ఏమీ కాలేదు. కానీ సీసా మీద రాసింది చదవలేకే కదా ఇలా జరిగిందని, లీలావతికి వారం రోజులు అన్నం సహించలేదు.

2003లో ఇంటికి తిరిగొచ్చింది. మరుసటి ఏడు, కువైట్‌లోనే ఒక ఆసుపత్రికి వార్డు ఆయాలు కావాలని, అరబ్బీ చదవడం వచ్చినవాళ్లనే తీసుకుంటారని తెలిసింది. పనికో వేళ, వారానికో సెలవు. ఇళ్లల్లో చాకిరీ కంటే ఎంతో నయం. బందరులో ఖాదర్ మాస్టారని, రిటైరైన ఉర్దూ టీచరు, గల్ఫ్ వెళ్లేవాళ్లకి మేడమీద గదిలో అరబ్బీ నేర్పుతున్నారని విని, ముప్ఫై తొమ్మిదేళ్ల వయసులో బస్సెక్కింది.

మాస్టారి దగ్గర మూడు బ్యాచిలు. మొదటిదాంట్లో అక్షరాలు, రెండోదాంట్లో చిన్న చిన్న మాటలు, మూడోదాంట్లో పాఠాలు చదవడం, మాట్లాడటం. ఎవరెందులో కూర్చోవాలో ఆయన నాలుగు మాటలు మాట్లాడించి తేల్చేసేవారు.

ఎక్కడుండేవారు, ఏం పని చేసేవారని అరబ్బీలో అడిగారు. లీలావతి ఐదు నిమిషాలు ఆపకుండా చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"మీకు మొదటి బ్యాచి ఎందుకండీ? మూడోదాంట్లో కూర్చోండి."

చదవడం రాదని చెప్పబోయింది. గదిలో ఉన్నవాళ్లంతా తనవైపే మెచ్చుకోలుగా చూస్తున్నారు. తలూపి, వెళ్లి మూడో బ్యాచిలో కూర్చుంది.

ఆమె భర్త సీమోను తాపీమేస్త్రి. ఆదివారం చర్చి బయట కనబడినవాళ్లందరికీ చెప్పాడు. "మా ఆవిణ్ణి ఏకంగా పైక్లాసులో వేశారండీ!" ఇక వెనక్కి తగ్గే దారి లేకపోయింది.

రెండు వారాలు నరకం చూసింది. ముందు చదివినవాళ్ల గొంతు విని బట్టీ పట్టి, తన వంతు వచ్చేసరికి కాగితం మీద వేలు జరుపుతూ అప్పజెప్పేది. రేపట్నుంచి మానేద్దామా అనుకుంటూనే వెళ్లేది.

ఒక గురువారం అందరూ వెళ్లాక మాస్టారు ఆమెను ఆగమన్నారు.

"లీలావతి గారూ, అరబ్బీ కుడి నుంచి ఎడమకి చదవాలండీ. మీ వేలేమో ఎడమ నుంచి కుడికి వెళ్తోంది."

దాచడానికి ఇంకేముంది? అంతా చెప్పేసింది, సీసా సంగతితో సహా. "మోసం చేద్దామని కాదండీ. అందరిముందూ చెప్పలేకపోయాను."

"తప్పు నాదమ్మా. మాట విని మురిసిపోయానే గానీ, ఒక్క ముక్క చదివించలేదు." అన్నారు మాస్టారు. "అక్షరాలకి మొదటి బ్యాచిలో కూర్చోండి. మాట్లాడే గంటకి మాత్రం మూడోదానికి రండి. అక్కడ మీతో నాకే పనుంది. నేనెప్పుడూ ఆ దేశం చూళ్లేదు, నాది పుస్తకాల అరబ్బీ. ఆడవాళ్లని ఎలా ఉన్నావని అడగాలంటే 'కైఫ హాలుకి' అని నేర్పుతున్నాను. అలా అంటారా?"

"అర్థమవుద్దండీ. కానీ ఇంట్లో ఎవరూ అలా అడగరు. 'ష్లోనిచ్' అంటారు."

మాస్టారు వెంటనే నోటుపుస్తకం తీసి రాసుకున్నారు. అది చూశాక లీలావతికి ఊపిరి తిరిగింది. తిరుగు బస్సులో సీటు దొరక్కపోయినా కాళ్లు నొప్పెట్టలేదు.

"కిందకి దింపేశారా?" అన్నాడు సీమోను.

"ఎవరూ దింపలేదు. నేనే అడిగి దిగినట్టు అనుకో."

"మరి చర్చి దగ్గర అడిగితే ఏం చెప్పమంటావ్?"

"చదవడం నేర్చుకుంటందని చెప్పు. అందులో సిగ్గేముంది?"

మొదటి బ్యాచిలో పక్కన షీబా అని పంతొమ్మిదేళ్ల అమ్మాయి కూర్చునేది. షీబాకి అక్షరాలు ఇట్టే వచ్చేవి, మాట పెగిలేది కాదు. ఒకరికొకరు సాయం. మాట మొదట్లో ఒకలా, మధ్యలో ఒకలా, చివర ఇంకోలా మారిపోయే ఆ అక్షరాలు లీలావతిని నెలన్నర ఏడిపించాయి. ఆ తర్వాత, ఏళ్ల తరబడి నోటితో అన్న మాటలే కాగితం మీద ఒక్కొక్కటిగా కనబడసాగాయి. గుర్తుపట్టినప్పుడల్లా పైకే నవ్వేసేది. ఐదో నెలకి మాస్టారు అడక్కుండానే పాఠం మొత్తం చదివి వినిపించింది.

ఆసుపత్రివాళ్ల ఇంటర్వ్యూ బెజవాడలో. బల్ల మీద వార్డుల్లో పెట్టే అరబ్బీ బోర్డులు ఆరు పెట్టి చదవమన్నారు. ఐదు చదివింది, నెమ్మదిగా, కూడబలుక్కుంటూ. ఆరోది రాలేదు.

"ఇది నాకు తెలీదండీ," అంది.

బల్ల అవతలాయన తలూపి, కాగితం మీద సంతకం పెట్టాడు. "తెలీనిది తెలీదన్నారు. వార్డులో మాకు కావలసిందీ అదే. వచ్చే నెలలో కబురొస్తుంది, పాస్‌పోర్టు సిద్ధంగా ఉంచుకోండి."

బయట సీమోను మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆమె ముఖం చూడగానే లేచాడు. ఇద్దరూ బస్టాండుకెళ్లి వేడివేడి ఇడ్లీ తిన్నారు. అవనిగడ్డ బస్సు ఊరు దాటకముందే లీలావతి కిటికీకి తలానించి హాయిగా నిద్రపోయింది.