తొట్టెల దిగిన తిమ్మప్ప

1966 వేసవి. రాయచూరు తాలూకాలో, యరగేరకు అవతల ఉన్న ఒక చిన్న ఊళ్లో నేను ఏ.ఎన్.ఎం.గా పనిచేస్తున్నాను. ఏ.ఎన్.ఎం. అంటే చుట్టుపక్కల ఊళ్లు తిరిగి గర్భిణులను చూడడం, కాన్పులు చేయడం, పసిపిల్లల బాగోగులు కనుక్కోవడం చేసే నర్సు. ఎండలు ముదిరితే పొలాల్లో పనులుండవు కాబట్టి మగవాళ్లు చాలామంది కాలువ తవ్వకానికి పోయేవారు. ఊళ్లో ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు మిగిలేవారు. అంటే మొత్తంగా నా రాజ్యమే. ఆ రాజ్యంలో నాకు లొంగనివాడు ఒక్కడే ఉండేవాడు. వాడి పేరు తిమ్మప్ప. వాడికి రెండు నిండి మూడో ఏడు నడుస్తోంది.

వాడి తల్లి తాయమ్మకు అప్పుడు ఎనిమిదో నెల. నేను హోమ్ విజిట్‌కు, అంటే ఇంటికే వెళ్లి చూడడానికి, పోయిన రోజు ఆమె పాదాలు చూస్తే నాకు నచ్చలేదు. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. దాన్ని ఎడిమా అంటాం. యూరిన్ టెస్ట్‌ట్యూబులో పోసి స్పిరిట్ దీపం మీద కాస్తే తెల్లగా విరిగింది, ఒంట్లోని ప్రొటీన్ బయటికి పోతోందని గుర్తు. హెల్త్ సెంటరులో లేడీ డాక్టరు బి.పి. చూసి, ఇది టాక్సీమియా అన్నారు. గర్భిణికి రక్తపోటు పెరిగే జబ్బు. అశ్రద్ధ చేస్తే ఫిట్స్ వస్తాయి, తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కకపోవచ్చు. అలాంటి ఫిట్స్ నేను అంతకుముందు ఒకసారి చూశాను. మళ్లీ చూడాలని లేదు.

ఉప్పు తగ్గించు, పక్కకు తిరిగి పడుకో, బరువులెత్తకు అని డాక్టరు గట్టిగా చెప్పి పంపారు. దీనికి బెడ్ రెస్ట్‌ను మించిన మందు లేదన్నారు. తాయమ్మ బుద్ధిగా తల ఊపింది. మళ్లీ వారం వెళ్లి చూస్తే వాపు కాస్త పెరిగే ఉంది. పడుకోమంటే పడుకోలేదా అని నేను కసురుకున్నాను. ఆమె మూల వైపు చూసింది. జవాబు ఆ మూల మంచం మీద నుంచి మెల్లగా జారి దిగుతోంది.

ఆ మంచం సంగతి చెప్పాలి. తిమ్మప్ప పుట్టినప్పటి నుంచి దూలానికి వేలాడే తొట్టెలలోనే, అంటే ఉయ్యాలలోనే, పడుకునేవాడు. చిన్నది పుట్టిన రోజునే పెద్దవాణ్ని దింపితే వాడి మనసు నొచ్చుకుంటుందని, ముందుగానే అలవాటు చేయాలని నాయనమ్మ హనుమవ్వ నిర్ణయించింది. మంచి ఆలోచనే, నన్నడిగినా అదే చెప్పేదాన్ని. తండ్రి కాలువ పనికి పోయేముందు చిన్న నులక మంచం ఒకటి అల్లి పెట్టాడు. వేసవిలో తేళ్లు తిరుగుతాయి కాబట్టి వాణ్ని నేల మీద పడుకోనివ్వరు. ఇక తొట్టెల విప్పి అటక మీద పెట్టేస్తే సరిపోయేది. కానీ కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో ఉండగా తొట్టెల దింపడం మంచిది కాదట. అది అక్కడే ఖాళీగా వేలాడుతోంది. ఖాళీ తొట్టెల ఊగితే అది అంతకంటే కీడట.

ఈ రెండో సంగతి తిమ్మప్ప ఎలాగో కనిపెట్టాడు. నా కళ్ల ముందే మంచం దిగి, తొట్టెల దగ్గరికి పోయి, ఒంటి చేత్తో దాన్నొక తోపు తోసి, మా వంక చూశాడు. హనుమవ్వ చేతిలో చేటను అక్కడే పడేసి ఉరికి తొట్టెలను ఒడిసి పట్టుకుంది. పడుకున్న తాయమ్మ లేచి, వాణ్ని చంకనెత్తుకుని మంచం మీద వేసింది. చంకలో వాడి ముఖం చూడాలి, ఊరేగింపులో కూర్చున్నట్టు వెలిగిపోతోంది. ఆమె ఒళ్లు వాల్చిందో లేదో మళ్లీ దిగాడు.

"చూసినవా నర్సమ్మ, పొద్దంత గిదే పని," అంది హనుమవ్వ ఆయాసపడుతూ. "ఖాళీ తొట్టెల ఊగితె కడుపుల ఉన్న పిల్లకు కీడంటరు. ఉరకక ఏం జెయ్యాలె?"

వాడు దిగినప్పుడు ఎవ్వరూ లేవకండి, రెండు రోజులు పట్టించుకోకపోతే వాడే మానేస్తాడని చెప్పాను. పిల్లల విషయంలో అది సరైన సలహానే, కానీ ఆ ఇంట్లో చెల్లలేదు. తొట్టెలను గుంజకు కట్టేసి చూశారు. వాడు ఊరు లేచేలా ఏడిస్తే, ఎత్తుకుని ఊరుకోబెట్టడానికి మళ్లీ తాయమ్మే లేవాల్సొచ్చింది. కనీసం నువ్వయినా లేవకు తల్లీ అని బతిమాలాను.

"అది ఊగుతుంటె నా గుండె దడదడ కొట్టుకుంటది నర్సమ్మ," అంది తాయమ్మ. "పండుకున్నా పండుకున్నట్టు ఉండదు."

ఒంటిని మంచం మీద ఉంచగలను గానీ, ఆ దడ తగ్గకపోతే బి.పి. ఎలా దిగుతుంది? నమ్మకం తప్పని వాదిస్తూ కూర్చోవడానికి నాకు వ్యవధి లేదు. వాపు ఇలాగే ఉంటే రాయచూరు ఆసుపత్రిలో చేర్చాలని డాక్టరు ముందే అన్నారు. మొగుడు ఊళ్లో లేడు, పిల్లవాణ్ని వదిలి వెళ్లనని తాయమ్మ అప్పటికే ఒకసారి కళ్లనీళ్లు పెట్టుకుంది. అందుకని వాదన మానేసి హనుమవ్వ పక్కన కూర్చుని, "అవ్వా, పిల్లలు లేకుంటె గూడ తొట్టెల ఖాళీది గాదు అనేది ఎప్పుడన్న ఉంటదా?" అని అడిగాను.

ఆమె తొట్టెల వంక చూసింది. "తొట్టెల్ల ఏసేనాడు మొదలు పొత్రం పండవెడ్తం గద. అది ఉంటె ఖాళీ ఎట్లయితది?" అంది. పొత్రమంటే రోట్లో పిండి రుబ్బే గుండ్రాయి. పసిబిడ్డను మొదటిసారి తొట్టెలలో వేసే రోజు, బిడ్డ రాయిలా గట్టిగా ఉండాలని ముందు ఆ పొత్రాన్ని గుడ్డలో చుట్టి పడుకోబెట్టి ఊపుతారు. ఇది ఆ రోజు కాదే అని ఆమె కాస్త నసిగింది. తర్వాత కోడలి పాదాల వంక చూసి, ఏమనుకుందో, లేచి వెళ్లి చిన్న పొత్రం కడిగి, పసుపు రాసి, పాత రవికగుడ్డలో చుట్టి తెచ్చింది. అది దొర్లి వాడి నెత్తిన పడకుండా నేను తొట్టెలకు గట్టిగా కట్టాను.

తిమ్మప్ప అలవాటు ప్రకారం దిగి తోశాడు. తొట్టెల హాయిగా ఊగింది. ఎవ్వరూ లేవలేదు. తాయమ్మ మంచం పట్టెను పట్టుకుంది గానీ లేవలేదు. వాడు ఇంకా గట్టిగా తోసి చూశాడు. చివరికి అనుమానమొచ్చి తొట్టెలలోకి తొంగి చూసి, ఎవరని అడిగాడు.

"నీ తమ్ముడు. లేపకు," అంది హనుమవ్వ చేట చెరుగుతూ.

తల్లి చంక ఎక్కే దారి మూసుకుపోయింది. కానీ మంచం మీద పడుకునే బుద్ధి ఇంకా రాలేదు. ఆ రోజు వాడు తొట్టెల కిందే, నేల మీదే నిద్రపోయాడు. తేళ్ల భయంతో వాణ్ని ఎత్తడానికి తాయమ్మ మళ్లీ లేవబోయింది.

అప్పుడు తొట్టెలకు కట్టిన తాడు మీద నా చూపు పడింది. తల్లులు పొయ్యి దగ్గర కూర్చుని ఆ తాడు లాగుతూ పిల్లల్ని ఊపుతారు. మర్నాడు వాడి మంచాన్ని తొట్టెల దగ్గరికి జరిపి, మంచం మీద పడుకుంటేనే చేతికందేలా తాడు సరిచేశాం. వాడి మెడకు చుట్టుకోకుండా హనుమవ్వ పక్కనే ఉండాలని, వాడు నిద్రపోగానే తాడు తీసేయాలని ఖరాఖండిగా చెప్పాను. తిమ్మప్పకు మాత్రం, తమ్ముడికి నిద్ర రావడం లేదు, నువ్వు పడుకుని ఊపాలని చెప్పాం.

ఆ పెద్దరికం చూసి తీరాలి. కనుబొమలు ముడిచి తాడు లాగుతూ, అచ్చం నాయనమ్మ గొంతుతో "పండుకో, పండుకో" అని రాయిని కసురుకునేవాడు. రాయి కంటే ముందు తనే నిద్రపోయేవాడు. అన్ని రోజులూ ఇలా సాగిందంటే అబద్ధం. జలుబు చేసినప్పుడు మొత్తం మొదటికొచ్చింది. వాడు దిగి నిలబడితే హనుమవ్వ కూర్చున్న చోటు నుంచే, తమ్ముణ్ని ఎవరూపాలె అని అడిగేది. ఎక్కువసార్లు మళ్లీ ఎక్కి పడుకునేవాడు. వాడంటే నాకు ప్రేమ పుట్టింది అప్పుడే.

తాయమ్మ పడుకుంది. నిజంగా పడుకుంది. వాపు దిగింది, యూరిన్ తేటపడింది, బి.పి. డాక్టరును మెప్పించే చోటికి వచ్చింది. కాన్పు హెల్త్ సెంటరులోనే అనుకున్నాం. నొప్పులు మాత్రం ఒక మధ్యాహ్నం బండి కట్టేలోపే తరుముకొచ్చాయి. ఇంట్లోనే నా చేతుల మీద ఆడపిల్ల పుట్టింది. బొడ్డు కోసి, బిడ్డను తుడిచి చూపించబోతుంటే తాయమ్మ కళ్లు తెరిచింది. ఆడో మగో అడగలేదు.

"వాడు పండుకున్నడా?" అంది.

తలుపు సందులోంచి చూశాను. హనుమవ్వ వాడి మంచం పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతోంది. వాడు నోరు తెరుచుకుని గాఢనిద్రలో ఉన్నాడు.

"పండుకున్నడు. నువ్వు గూడ పండుకో బిడ్డా," అన్నాను. ఆమె పక్కకు తిరిగి కళ్లు మూసుకుంది.

గర్భిణిని ఏమేమి అడగాలో మాకు ట్రైనింగులో నేర్పారు. ఎన్నో కాన్పు, కాళ్లు వాస్తున్నాయా, తల నొస్తోందా, కళ్లు మసకేస్తున్నాయా అని. ఆ వేసవి తర్వాత, పదవీ విరమణ చేసేదాకా, రెండో కాన్పున్న ఏ ఇంటికి వెళ్లినా వాటన్నిటికంటే ముందు ఒకటి అడిగేదాన్ని: "పెద్ద పిల్ల ఇప్పుడు ఎక్కడ పండుకుంటది?" ఆ ప్రశ్నకు కళ్లనీళ్లు పెట్టుకున్న తల్లులు ఎంతమందో.