బావగారి కాక్టస్

మొక్కల ప్రదర్శనలో ఏ జాతి కుండీలను ఆ జాతి బల్ల మీద సర్దే పని ముప్పై ఏళ్లుగా తోటమాలిదే. చదివింది ఐదో తరగతి. చేతికి గుచ్చుకోని ముల్లు లేదు. ఆ ఏడు అతని భార్య అన్నయ్య మూరెడు ఎత్తున్న ముళ్ల మొక్కను తెచ్చి కాక్టస్ బల్ల మీద పెట్టాడు. మొదటి బహుమతి తనదేనని అప్పటికే అందరికీ చెప్పుకున్నాడు.

"కాక్టస్‌కి ముల్లు మొదలు దగ్గర దూదిలాంటి మెత్త ఉంటుంది బావగారూ. దీనికి లేదు," అన్నాడు తోటమాలి. సూదితో గుచ్చితే పాలు కారాయి. "ఇది పాలజెముడు, కాక్టస్ కాదు. పాలజెముళ్ల బల్లకి, ఆ చివరిదానికి వెళ్లాలి."

"ఇంటల్లుడివై ఉండి నా పరువు తీస్తావా?"

"పాలు కార్చింది మొక్క. నేను కాదు."

కుండీని తోటమాలే మోసుకెళ్లి చివరి బల్ల మీద పెట్టాడు. అక్కడ పోటీకి ఇంకో మొక్క లేకపోవడంతో మొదటి బహుమతి దానికే వచ్చింది.

బావగారు కప్పు పట్టుకుని ఫొటో దిగుతూ, "పాలజెముడని నాకు ముందే తెలుసు," అన్నాడు.